విజిల్ పట్టబోతున్న చిన్నికి

చి. ల. సౌ. చిన్నికి, పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లల కబడ్డీ పోటీలకు నువ్వు డబ్బు తీసుకుని అంపైరుగా వెళ్ళబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. దాని గొంతులో భయం నాకు వినిపించింది. నా గొంతులో గర్వం దానికీ వినిపించే ఉంటుంది. పదహారేళ్ళ పిల్లకు అప్పుడే సంపాదనేమిటని మీ నాన్న గొణుగుతున్నాడట. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్ళు నిండినవారు ప్రమాదకరం కాని పనులు చేయవచ్చని ఆయనకు చెప్పు. అయితే అదే చట్టం వరుసగా మూడు గంటలకు మించి పని చేయించకూడదనీ, రాత్రి ఏడు నుండి ఉదయం ఎనిమిది వరకు అసలు చేయించకూడదనీ అంటుంది. బెజవాడ వేసవిలో ఆ మిగిలిన వేళల్లో కోర్టు మీద కాలు పెట్టగలిగేదెవరు? అందుచేత చలికాలపు పోటీలకే ఒప్పుకో.

నియమాలు చదువుకోవడం, ఆటకు ముందు గీతలు కొలుచుకోవడం నీకు నేను చెప్పనక్కరలేదు.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 12, 13 ఏళ్ళవారు కూడా చిన్నపిల్లల ఆటలకు డబ్బు తీసుకుని అంపైరింగు చేయడానికి చట్టంలోనే చోటిచ్చింది. ఆ అనుమతి కంటే దానికి తగిలించిన షరతులు నాకు నచ్చాయి. తల్లిదండ్రులో, వారు పురమాయించిన పెద్దవారో ఆట జరిగే చోట ఉండి తీరాలి. ఆడేవారు అంపైరు కంటే కనీసం మూడేళ్ళు చిన్నవారై ఉండాలి, కానప్పుడు 16 ఏళ్ళు నిండిన మరొకరు తోడుగా నిలబడాలి. ఎవరి పిల్లవాడో ఏడుస్తూ ఇంటికి వచ్చాకనే ఇటువంటి వాక్యాలు చట్టాల్లోకి ఎక్కుతాయని నా అనుమానం.

అటువంటి పిల్లవాడిని నేను చూశాను. గుంటూరు దగ్గర ఒక ఊళ్ళో సంక్రాంతి పోటీలకు అంపైర్లు చాలక, నిర్వాహకులు పదో తరగతి కుర్రవాడిని నిలబెట్టారు. ఆడుతున్నవారందరూ అతడి కంటే పెద్దవారు. చివరి నిమిషంలో కూతకు వెళ్ళిన రైడరు ఎవరినీ తాకకుండానే లాబీలో, అంటే కోర్టుకు రెండు పక్కలా ఉండే పట్టీలో, కాలు పెట్టాడు. తాకులాట జరగనిదే లాబీ ఆటస్థలంలోకి రాదు కనుక కుర్రవాడు అవుటిచ్చాడు, ఆ ఊరి జట్టు ఓడిపోయింది. అప్పటికి రిఫరీ, నిర్వాహకులు అందరూ బహుమతులిచ్చే అతిథికి ఎదురువెళ్ళి రోడ్డు మీద ఉన్నారు. జనం చుట్టుముట్టారు. ఒకడు చొక్కా పట్టుకుని, "వాళ్ళు నీకెంత ఇచ్చార్రా?" అని అడిగాడు. అతడికి ఇస్తామన్నది వంద రూపాయలు, అదీ ఇవ్వలేదు. పక్క కోర్టులో ఆడపిల్లల ఆట ఆపి, నేను అందరినీ తోసుకుంటూ వెళ్ళేసరికి, స్కోరరు బల్ల వెనక నిలబడి అతడు లాబీ నియమం అప్పజెబుతున్నాడు. గొంతు వణుకుతోంది గాని ఒక్క మాట తప్పలేదు. జనం మీద నా కోపం మర్నాటికే చల్లారింది. అంత చక్కటి చూపున్న పిల్లవాడిని ఒంటరిగా వదిలిపోయిన పెద్దల మీద మటుకు ఇప్పటికీ చల్లారలేదు. అతడు మళ్ళీ విజిల్ పట్టలేదు.

నువ్వేమో అక్కడ బాధ్యులెవరో కూడా అడగకుండా సరేనన్నావట. అదేం తొందరమ్మా? పన్నెండేళ్ళ లోపు పిల్లల ఆటలే తీసుకో. నీ వయసువారి ఆట ఇస్తే, పెద్ద రిఫరీ పక్కన ఉంటేనే కోర్టులోకి దిగు. పద్దెనిమిది నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు కనుక, ఎంత ఇస్తారో, ఎన్ని ఆటలకో కాగితం మీద రాయించి మీ అమ్మ చేత సంతకం పెట్టించు. ఆఖరి ఆట అయ్యాక నువ్వు గేటు దాటేవరకు నీతో ఉండే పెద్దమనిషి ఎవరో పేరు చెప్పమను. చెప్పకపోతే ఆ డబ్బు మనకు వద్దు.

మొదటి ఆదివారానికి ఆ పెద్దమనిషిని నేనేనని వాళ్ళతో చెప్పు. పొద్దున్నే గుంటూరులో బస్సెక్కి ఎనిమిది లోపు వచ్చేస్తాను. నువ్వు బోనస్ పాయింటు తప్పుగా ఇచ్చినా, ఇంటికి వెళ్ళేదాకా నోరు విప్పను.

మీ పెద్దమ్మ