కవిలె: ఆవా, కట్టా?

సందేహం: మా వంశం సంగతులు ఊరి దండకవిలెలో ఉండొచ్చని ఒక పెద్దాయన అన్నారు. కవిలె అంటే ఆవు కదండీ? అందులో మా పూర్వీకుల పేర్లు దొరుకుతాయా?

సమాధానం: ఆవు కూడా నిజమే. ‘కపిల’ మన నోట ‘కవిల’, ‘కవిలె’ అయింది. ధర్మం చెరిపినవాడు గంగ ఒడ్డున కవిలలను చంపిన పాపాన పోతాడని దానశాసనాలు శపించేది ఆ ఆవు పేరు చెప్పే.

కరణంగారి కవిలె వేరు. తాటాకుల మీద గంటంతో రాసి, తాడు గుచ్చి కట్టిన ఊరి లెక్క అది. తమిళంలో ‘కవళి’ అంటే తమలపాకుల కట్ట, పుస్తకాల కట్ట కూడా. కన్నడ ‘కవళిగె’ కూడా ఆకుల కట్టే. మన మాటదీ ఆ కుదురేనని నా మొగ్గు. తేల్చి మాత్రం చెప్పను. అదే నిజమైతే ‘కవిలెకట్ట’కు, ‘నడిసెంటరు’కు తేడా లేదు! అయినా చిత్రగుప్తుడి చేతిలో కవిలెకట్టే పెట్టుకున్నాం గనక తప్పుపట్టను. పాత కాగితం కనబడితే చాలు కవిలె అనేసే నేటి రాతల మీదే నా కోపం. ఏ పొలం ఎవరి సాగులో ఉందో, ఏ పంట వేశారో రాసే అడంగలు కవిలె కాదు, దస్తావేజూ కాదు.

ఊరి పుట్టుక, ఏలినవారు, గుడి, చెరువు, మాన్యాలు చెప్పేది దండకవిలె. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం ఆయన సహాయకులు కావలి సోదరులు సేకరించిన కైఫీయత్తుల్లో, అంటే ఊళ్ల వృత్తాంతాల్లో, చాలావాటికి ఆధారం ఇదే. (అరబీ ‘కైఫ్’ అంటే ‘ఎలా’.) మీవాళ్లకు కరణీకమో అర్చకత్వమో మాన్యమో ఉంటే అందులో పేరు తగలవచ్చు. మామూలు రైతు పేరు ఆశించకండి.

అందుకే కింది నుంచి పైకి వెళ్లండి. తాతగారి దస్తావేజులో సర్వే నంబరు పట్టుకుని, తెలంగాణ అయితే 1954–55 ఖాస్రా పహాణీ, ఆంధ్ర అయితే రీసర్వే సెటిల్మెంటు రిజిస్టరు అనే పాత భూమి లెక్కలు చూడండి. రీసర్వేలో నంబర్లు మారతాయి. పాత నంబరుకు కొత్తది ఏదో సరిచూడకపోతే పక్కవాడి వంశం మీదవుతుంది. కోస్తా, సీమల్లో మాన్యం ఉన్నవారికి 1858లో మొదలైన ఇనాం కమిషను రిజిస్టర్లు దొడ్డమేలు: ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, అప్పటి అనుభవదారు ఎవరు అన్నవి గడుల్లో ఉంటాయి.

ఈ లెక్కల్లో కనిపించే ఫసలీ అంటే శిస్తు సంవత్సరం. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన క్రీస్తుశకం వస్తుంది. ఒట్టి ‘క్రోధి’ అని ఉంటే మాత్రం తొందరపడకండి. అది 1844 కావచ్చు, 1904 కావచ్చు. తాత పేరే మనవడికి పెడతాం గనక తండ్రి పేరు కలవనిదే మనిషిని ఖాయం చేయకూడదు. ‘రామయ్య బిన్ సుబ్బయ్య’లో బిన్ ఇంటిపేరు కాదు, ‘కొడుకు’ అని, రామయ్యే కొడుకు. ఇంటిపేరు ఊరి పేరైతే ఆ ఊరు మీవాళ్లు వదిలి వచ్చినదై ఉంటుంది. అక్కడ ఉన్నంతకాలం వాళ్లనలా పిలవాల్సిన పని లేదు, కాబట్టి అక్కడి లెక్కల్లో ఆ ఇంటిపేరు కోసం వెతకడం వృథా.

ఇక ‘కజిన్’. ఇక్కడ ఇవ్వని మీ ఉత్తరం మిగతా భాగంలో ఆ మాట రెండుసార్లు వాడారు. దాయం అంటే వారసత్వపు పాలు, అది పొందేవాడు దాయాది. రిజిస్టరులో దాయాది అని ఉంటే తండ్రి వైపే వెతకాలి. కజిన్ అని రాసుకుంటే మేనమామ కొడుకు కూడా అందులో కలిసిపోతాడు.