సక్యులెంట్లకు గండం ఎండ కాదు, వాన

ప్రశ్న: జనవరిలో నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో గులాబీ పువ్వుల్లా ఉండే సక్యులెంట్లు (ఆకుల్లో, కాడల్లో నీళ్లు దాచుకునే మొక్కలు) ఆరు కొన్నాను. మే నెల ఎండకి కూడా ఏమీ కాలేదు. జులైలో వారం రోజులు ముసురు పడితే నాలుగు నల్లబడి జావలా అయిపోయాయి. నేను వారానికి ఒక్కసారే నీళ్లు పోశాను. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా బాధనిపించింది. సైనిక్‌పురిలో మా మిద్దె మీద ఓ వానాకాలం నేనూ ఇలాగే పదకొండు కుండీలు పోగొట్టుకున్నాను. పొద్దున్నే వెళ్లి చూసేసరికి వరసగా అన్నీ వాలిపోయి ఉన్నాయి. ఆ రోజు అన్నం సహించలేదు.

మీరు వారానికి ఒకసారి పోయడంలో తప్పులేదు. ముసురు పట్టాక కూడా కుండీలు ఆరుబయటే ఉన్నాయి, అదీ జరిగింది. మీరు కొన్నవాటి పేరు ఎచెవెరియా. వీటిలో ఎక్కువ రకాల పుట్టిల్లు మెక్సికో కొండలు. పగలు ఎండ కాసినా అక్కడ రాత్రిళ్లు చల్లగా ఉంటాయి. ఇవి పగలంతా ఆకుల మీది సన్నని రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీలుస్తాయి. అందుకే ఒంట్లో నీరు ఆవిరి కాకుండా దాచుకోగలుగుతాయి. హైదరాబాద్‌లో ఏడాదికి కురిసే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడుతుంది. అప్పుడు గాలిలో తేమ, మట్టిలో తేమ, ఆకుల్లో ముందే దాచుకున్న నీళ్లు. ఇక మొక్కకి దాహం ఎక్కడిది? అది తాగని నీళ్లు వేళ్ల చుట్టూ నిలిచిపోతే వేళ్లకి గాలి ఆడదు, కుళ్లు మొదలవుతుంది.

మిగిలిన రెండింటినీ ఇవాళే కుండీలోంచి తీసి చూడండి. పోయిన ఆదివారం మా వీధిలో ఉండే అమ్మాయి ఇలాంటిదే ఒకటి పట్టుకొచ్చింది. పైకి నిగనిగలాడుతోంది. అడుగు ఆకుని వేలితో తాకగానే జారి చేతిలోకి వచ్చేసింది, ఉడికిన ఉల్లిపాయ పొరలా మెత్తగా, పసుప్పచ్చగా. కాండం కింద కోస్తే మధ్యలో గోధుమ రంగు మచ్చ. బ్లేడుని స్పిరిట్‌తో తుడిచి అర అంగుళం పైన మళ్లీ కోశాను. మచ్చ సన్నని గీతంత అయింది. మళ్లీ తుడిచాను, మళ్లీ కోశాను. మూడో కోతకి దోసకాయ లోపలి రంగులో శుభ్రమైన కాండం కనిపించింది. అక్కడితో ఆపాను. తలని నీడలో పళ్లెంలో ఐదు రోజులు ఆరబెట్టమన్నాను. కోసిన చోట చర్మం కట్టాక పొడి మట్టి మీద నిలబెడితే చాలు, రెండు మూడు వారాల్లో వేళ్లొస్తాయి. వేళ్లు కనిపించాకే మొదటి నీళ్లు. మచ్చలేని ఆకులు ఊడితే పారేయకండి. అదే పళ్లెంలో పరిచి ఉంచితే కొన్నింటికి ఆకు మొదలు దగ్గర దారాల్లాంటి గులాబీ రంగు వేళ్లు, వాటి పక్కనే ఆవగింజంత పిల్ల మొక్క వస్తాయి.

ఇంకో సంగతి, మట్టి. నర్సరీ నుంచి ఇవి చాలావరకు కోకోపీట్‌లోనే, అంటే కొబ్బరి పొట్టులోనే వస్తాయి. వానాకాలంలో అది స్పాంజిలా నీళ్లు పట్టుకుంటుంది. కొన్న వారంలోనే దాన్ని వేళ్ల నుంచి మెల్లగా దులిపేయండి. ఎర్రమట్టి ఒక పాలు, బాగా మగ్గిన కంపోస్టు ఒక పాలు, గరుకు రెండు పాళ్లు కలపండి. గరుకు కోసం ఖరీదైన పెర్లైట్ అక్కర్లేదు. మన ఊళ్లో ఏ వీధిలో చూసినా ఇల్లు కడుతూనే ఉంటారు, మేస్త్రీని అడిగితే తట్టెడు రోబో ఇసుక ఇస్తాడు. దాన్ని జల్లెడ పట్టి, కిందికి దిగిన పిండిని వదిలేసి, పైన మిగిలిన పెసరగింజంత పలుకులు కడిగి వాడండి. ఆ పిండి మాత్రం కుండీలోకి పోకూడదు, తడిస్తే సిమెంటులా బిగుసుకుంటుంది.

జూన్ మొదటి వానకి ముందే కుండీల్ని నీళ్లు పడని చోటికి మార్చండి. మిద్దె మీదైతే నాలుగు కర్రలు పాతిన డబ్బాలు పెట్టి పైన పారదర్శకమైన షీటు కట్టండి, పక్కలు తెరిచి ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో ఎచెవెరియాలకి మధ్యాహ్నం గ్రీన్ నెట్ కావాలి. కుండీల కింద ఇటుకలు పెడితే స్లాబు వేడి వేళ్లకి ఎక్కదు.

మళ్లీ కొనాలనిపిస్తే ఈసారి మన ఎండని ఇష్టపడేవి తీసుకోండి. కలబంద, అగేవ్, ఎలిఫెంట్ బుష్ మంచివి. ఈ చివరిదాన్నే నర్సరీల్లో తరచూ జేడ్ అని అమ్ముతారు. చిన్న గుండ్రటి ఆకులు, ఎర్రటి కాడ ఉంటే అదే. అసలు జేడ్ ఆకు ఇంతకంటే పెద్దగా, మందంగా ఉంటుంది, మన మే నెలకి డీలా పడుతుంది.

ప్రశ్న: మా బాల్కనీలో అడీనియం (ఎడారి గులాబీ) ఉంది. రోజూ నీళ్లు పోస్తున్నాను. ఆకులు గుబురుగా ఉన్నాయి కానీ రెండేళ్లుగా ఒక్క పువ్వూ లేదు.
– మల్కాజిగిరి పాఠకుడు

జవాబు: బాబూ, దాన్ని మిద్దె మీదికి చేర్చండి. అడీనియంకి రోజుకి కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి, నీడలో అది ఆకులే పెంచుకుంటుంది. ఒక్కసారిగా ఎండలో పెట్టకుండా పది రోజులు పొద్దుటి ఎండలో అలవాటు చేయండి. మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు. ఫిబ్రవరిలో కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్ల కొసన మొగ్గలేస్తుంది. కోసినప్పుడు కారే పాలు విషం, గ్లవుజులు వేసుకోండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో బోరు ఎండిపోయింది, ట్యాంకర్ నీళ్లే దిక్కు. ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లు, ఏసీ నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు సక్యులెంట్లకి పోయవచ్చా?
– అత్తాపూర్ పాఠకురాలు

జవాబు: ఏసీ నీళ్లు నిశ్చింతగా పోయండి. గాలిలోని తేమ చల్లబడి నీరైనదే అది, అందులో ఉప్పులు ఉండవు. పైపు కింద బకెట్ పెట్టండి. ఆర్వో వదిలేసే నీళ్లు మాత్రం కుండీలకి వద్దు. వడపోతలో ఆగిన ఉప్పులన్నీ వాటిలోనే చేరతాయి. నేల మీద పోస్తే వానకి కొట్టుకుపోతాయేమో కానీ, కుండీలో పేరుకుంటాయి. మట్టికుండీ అంచున తెల్లటి పూత, ఆకుల కొసలు మాడడం దాని గుర్తులు. ఆ నీళ్లతో ఇల్లు తుడవండి, బాత్‌రూమ్ కడగండి. బియ్యం కడుగు కరివేపాకుకి పోయండి, సక్యులెంట్లకి అది పులిసి దోమల్ని తెస్తుంది.

అసలు వీటికి కావలసింది ఎంతని? మా మిద్దె మీద నలభై కుండీలకి ఎండాకాలంలో వారానికి రెండు బకెట్లు సరిపోతాయి. పోసే ముందు చీపురుపుల్ల అడుగుదాకా గుచ్చి తీయండి. మట్టి అంటుకుని వస్తే ఆ రోజు వద్దు. పొడిగా వస్తే సాయంత్రం, అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి. రోజూ గ్లాసెడు చిలకరించడం కంటే ఇదే మేలు.

ప్రశ్న: ముళ్ల మొక్కలు, పాలు కారే మొక్కలు ఇంట్లో ఉండకూడదని మా అత్తగారు అంటున్నారు. నాకేమో సక్యులెంట్లంటే ప్రాణం. ఆవిణ్ని ఎలా ఒప్పించాలి?
– కొత్త కోడలు, వనస్థలిపురం

జవాబు: ఒప్పించాల్సిన పని లేదు తల్లీ. ఆవిడ మాటలో న్యాయం ఉంది. జెముడు జాతి పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, రేపు పిల్లలు తిరిగే ఇల్లు మీది. ముళ్లూ పాలూ లేనివి ఆవిణ్నే అడగండి. రణపాల చూపిస్తారు, ఆకు మట్టి మీద పడేస్తే అంచుల నొక్కుల్లోంచి పిల్లలు లేస్తాయి. మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర కూడా సక్యులెంటే, రంగురంగుల గడ్డి గులాబీకి అది సొంత చెల్లెలు. కుందేటి కొమ్ములనే మొక్కలు కూడా చెబుతారేమో, అవి బండల సందుల్లో ఉన్నప్పుడు పెకిలించి తేకండి. కొండలు పగులుతున్న మన ఊళ్లో వాటికి చోటే తగ్గిపోతోంది.

నా మాటగా అయితే నల్లేరుతో మొదలుపెట్టండి. నల్లేరు మీద బండి నడక అంటాం కదా, ఆ నల్లేరే. నాలుగు పలకల ఆకుపచ్చ కాడ, కణుపు కణుపుకీ సన్నని నులితీగ, బాల్కనీ గ్రిల్‌కి అల్లుకుని మే ఎండలోనూ పచ్చగా ఉంటుంది. లేత కణుపులు నారతీసి, నూనెలో బాగా వేయించి చింతపండుతో పచ్చడి చేస్తారు. పచ్చిగా తింటే గొంతు దురద పెడుతుంది, ఆ వేయించే పాళం మీ అత్తగారికి తెలిసే ఉంటుంది. రెండు కణుపులున్న ముక్క తెచ్చుకుని మూడు రోజులు నీడలో ఆరబెట్టండి. ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన ఉండేలా గుచ్చండి. గుచ్చాక నాలుగో రోజు దాకా నీళ్లు పోయకండి.