తిన్నది కడుపులోనే నిలిచిపోతే ఇన్సులిన్ లెక్క ఎందుకు తప్పుతుంది

మీ నాన్నగారికి 18 ఏళ్లుగా మధుమేహం ఉన్నదని, ఇప్పుడు నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందని, ఇన్సులిన్ వేసుకుని భోంచేసిన గంటకే షుగర్ పడిపోయి రాత్రికి బాగా పెరుగుతోందని రాశారు. మా అమ్మకు అచ్చం ఇలాగే జరిగింది.

మేము దానిని గ్యాస్ అనుకుని ఏడాదికి పైగా మాత్రలతోనే సరిపెట్టాము. మధ్యాహ్నం తిన్న తోటకూర రాత్రి పది గంటలకు వాంతిలో అలాగే కనిపించిన రోజున భయపడి పెద్ద వైద్యురాలి వద్దకు వెళ్లాము. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కడుపు కండరాలను నడిపించే వేగస్ నరం దెబ్బతిని, ఆహారం చిన్నపేగులోకి దిగడం ఆలస్యమవుతుందని, దీనిని గ్యాస్ట్రోపరేసిస్ అంటారని ఆవిడ వివరించారు. ఇన్సులిన్ తన సమయానికి పని మొదలుపెడుతుంది, అన్నం మాత్రం ఇంకా కడుపులోనే ఉంటుంది. అందుకే ముందు లో షుగర్, ఆ అన్నం దిగినప్పుడు హై షుగర్.

ఎండోస్కోపీలో అడ్డంకి ఏదీ లేదని తేలిన తరువాత, కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం కలిపిన ఆహారం తినిపించి 4 గంటల పాటు స్కాన్ తీశారు. అప్పటికీ 10 శాతం కంటే ఎక్కువ కడుపులో మిగిలితే ఆలస్యం ఉన్నట్లు లెక్క.

నాకు అన్నింటికంటే మింగుడుపడనిది ఆహారం సంగతి. షుగర్ ఉన్నవారు పీచు తినాలని విని, అమ్మకు రోజూ జొన్నరొట్టె, పచ్చి కూరగాయల ముక్కలు పెట్టినది నేనే. ఈ స్థితిలో పీచు, నూనె రెండూ కడుపును ఇంకా నెమ్మదింపజేస్తాయి. ఇప్పుడు మెత్తని అన్నంలో పెసరకట్టు, తొక్క తీసి ఉడికించిన సొరకాయ, పలుచని మజ్జిగ, కొద్దికొద్దిగా ఐదారు సార్లు ఇస్తున్నాము. లో షుగర్ వస్తే బిస్కట్టు, లడ్డు కాకుండా గ్లూకోజ్ నీళ్లు ఇస్తాము; ద్రవం త్వరగా దిగుతుంది.

భోజనం తరువాత ఇన్సులిన్ వేసేలా వైద్యురాలు మార్చారు, దానిని మీరు సొంతంగా మార్చకండి. కడుపు కదలికను పెంచే మందుల్లో మెటోక్లోప్రమైడ్ ఎక్కువకాలం వాడితే ముఖంలో అసంకల్పిత కదలికలు రావచ్చు, డోంపెరిడోన్ గుండె లయను దెబ్బతీయవచ్చు కనుక ఇవి దుకాణంలో అడిగి కొనుక్కునే మందులు కావు. షుగర్‌కు, బరువు తగ్గడానికి ఇచ్చే సెమాగ్లూటైడ్ వంటి ఇంజెక్షన్ వాడుతుంటే అదీ కడుపును నెమ్మదింపజేస్తుంది, వైద్యులకు తప్పక చెప్పండి. వాంతులు ఆగకుండా షుగర్ కూడా పెరుగుతుంటే మాత్రం తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.