శుక్రవారం సంతకానికి వెళ్లాలా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాను. నాన్న నిరుడు పోయారు, వీలునామా రాయలేదు. ఆయన సొంతంగా కొన్న రెండెకరాల పొలం, ఊళ్లో ఇల్లు ఉన్నాయి. నాయనమ్మ ఎప్పుడో పోయింది. ఇప్పుడు అమ్మ, అన్నయ్య, నేను, ముగ్గురమే. ‘శుక్రవారం రిజిస్ట్రారాఫీసుకి వచ్చి సంతకం పెట్టిపో, నీ పెళ్లికి అప్పట్లోనే పెట్టాం కదా’ అంటున్నాడు అన్నయ్య. మావారేమో వాటా అడగాల్సిందే అంటారు. నాకు కూరగాయల దగ్గర కూడా బేరమాడటం రాదు. పుట్టిల్లు దూరమవుతుందని భయంగా ఉంది.

జవాబు: ముందు శుక్రవారం సంగతి తేల్చుకుందాం. ఆ రోజు మీరు వెళ్లక్కర్లేదు. అలాగని ‘పెట్టను’ అనీ అనక్కర్లేదు. ‘అన్నయ్యా, కాగితాలు వాట్సాప్‌లో పంపు. చదువుకుని, వచ్చే నెల ఊరొచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం’ అనండి. ‘అంటే నా మీద నమ్మకం లేదా?’ అంటాడు. దాదాపు అందరన్నలూ అనే మాటే అది. ‘నమ్మకం లేక కాదు, చదివి పెడతాను’ అని ఆగిపోండి. అవతల ఫోన్లో ఆయన మాట్లాడకుండా ఉంటే మీరూ ఉండండి. మెతకమనుషులు దెబ్బతినేది అక్కడే. ఆ కాస్త మౌనం భరించలేక ‘సర్లే, వచ్చేస్తాలే’ అనేస్తారు.

ఎందుకింత చెబుతున్నానంటే, మీ చేత పెట్టించబోయేది హక్కు విడుదల దస్తావేజు, అంటే మీ వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం, అయ్యుండొచ్చు. అది రిజిస్టరయ్యాక ‘తెలియక పెట్టాను’ అంటే కోర్టు చుట్టూ తిరగాల్సిందే. మీరు రాసినదాన్ని బట్టి, హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్నగారి స్వార్జితంలో మీ ముగ్గురివీ సమాన వాటాలు. ఆడపిల్లకు హక్కు 2005లోనే వచ్చిందనుకుంటారు చాలామంది. ఆ సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. వీలునామా లేని తండ్రి స్వార్జితంలో కూతురి వాటా 1956 చట్టంలోనే ఉంది. పెళ్లిలో పెట్టిన కట్నం, బంగారం ఆ వాటాకి చెల్లు కావు.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ దిగులు కలిగించింది అమ్మగారి సంగతి. మూడో వంతు ఆవిడది. ఆవిడ చేత కూడా అదే రోజు సంతకం పెట్టిస్తున్నారేమో కనుక్కున్నారా?

కూరగాయల బేరం రాదని బాధపడకండి, ఆ అయిదు రూపాయలు అమ్మేవాళ్లకే ఎక్కువ అవసరం. ఇక్కడ కావాల్సింది గట్టిగా మాట్లాడటం కాదు, ముందుగా తెలుసుకుని వెళ్లడం. అన్నయ్యకి ఇప్పుడే ఎందుకింత తొందర? బ్యాంకు లోనుకి అడిగారా, పొలం అమ్మకానికి బేరం కుదిరిందా, వదిన పోరా? నాన్నగారి ఆసుపత్రి ఖర్చు ఆయనొక్కడే భరించాడా? భరించి ఉంటే అది మీరే ముందుగా ఎత్తండి, లెక్కలో పెట్టుకుందాం అనండి. తన కష్టాన్ని చెల్లెలు గుర్తుపెట్టుకుందని తెలిస్తే ఆయన గొంతు తగ్గే అవకాశం ఎక్కువ.

తర్వాత మీకేం కావాలో కాగితం మీద రాసుకోండి. పొలమే కావాలా, డబ్బు కావాలా, అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో నిశ్చింతగా ఉంటే చాలా? పొలం అన్నయ్యకి వదిలి మీ వాటా సొమ్ము రెండు మూడు పంటల మీద తీసుకోవచ్చు. మీ వాటా మీ పేరునే ఉంచుకుని ఆయనకే కౌలుకివ్వచ్చు. ఇల్లు అమ్మ పేరున రాయించమనొచ్చు. విలువ తెలుసుకుని, మనస్ఫూర్తిగా మొత్తం వదిలేసుకున్నా నేను తప్పు పట్టను. భయపడి వదిలేస్తే మాత్రం ప్రతి సంక్రాంతికీ ఆ ఇంట్లో అదే గుర్తొస్తుంది. కుదిరింది ఏదైనా దానికి తగ్గ దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించండి.

మీవారిని ఈ మాటల్లోకి దించకండి. బావ నోరు విప్పాడంటే ఆస్తి గొడవ కాస్తా పౌరుషాల గొడవవుతుంది. ఇ.సి. (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే రిజిస్ట్రారాఫీసు పత్రం) తీయించడం, అక్కడ ఎకరం ఎంత పలుకుతోందో కనుక్కోవడం ఆయనకప్పగించండి. పెద్దమనిషి కావాలంటే మేనమామని పిలవండి.

కాగితాలు అర్థం కాకపోతే 15100కి ఫోన్ చేయండి. న్యాయ సేవాధికార సంస్థ నంబరది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయ సహాయం అందుతుంది. అంతకన్నా ముందు ఈ రాత్రికే అమ్మకి ఫోన్ చేయండి. తను కూడా చదివించుకోకుండా దేనిమీదా వేలిముద్రో సంతకమో వేయొద్దని చెప్పండి.