నాన్నగారి కె1000లో మళ్లీ రీలు వేయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు పెళ్లిళ్లకు ఫొటోలు తీసిన పెంటాక్స్ కె1000 చాలా ఏళ్లుగా బీరువాలోనే ఉంది. మీట నొక్కితే టక్కుమంటోంది కానీ లోపలి ముల్లు కదలడం లేదు. వెనక తలుపు తీస్తే నల్లటి బంక చేతికి అంటుకుంటోంది. షాపులో చూపిస్తే ‘దీని బ్యాటరీలు ఇప్పుడు రావు, షోకేసులో పెట్టుకోండి’ అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: షోకేసులో పెట్టకండమ్మా. మీట నొక్కగానే టక్కుమందంటే దానికి ఇంకా ప్రాణం ఉంది. 1976లో వచ్చి 1997 దాకా తయారైన మోడల్ ఇది. షట్టర్, అంటే రీలు మీదికి వెలుతురును క్షణకాలం వదిలే గుడ్డ తెర, నడిచేది స్ప్రింగులు, పళ్లచక్రాల మీద. బ్యాటరీ పని వెలుతురు కొలిచే ముల్లును కదిలించడం వరకే. ఇప్పుడు దొరకనివి పాదరసం బ్యాటరీలు, అవి వేరే పాత కెమెరాలకు వాడేవి. మీ కెమెరాకు ఎల్ఆర్44 అనే చిన్న గుండ్రటి బ్యాటరీ చాలు, వాచీల షాపులో ఉంటుంది. ఎస్ఆర్44 దొరికితే ఇంకా మంచిది, దాని వోల్టేజి చివరిదాకా నిలకడగా ఉంటుంది. అడుగున ఉన్న గుండ్రటి మూతను నాణెంతో తిప్పితే ఊడివస్తుంది. లోపల పొడి పేరుకుని ఉంటే ఇయర్‌బడ్‌కు కాస్త వెనిగర్ అద్ది తుడిచి, బాగా ఆరాకే కొత్తది వేయండి. ఈ మీటర్‌కు స్విచ్ లేదు, వాడనప్పుడు లెన్స్ మూత పెట్టకపోతే బ్యాటరీ ఊరికే అయిపోతుంది.

ఇక ఆ బంక. తలుపు అంచుల్లోంచి వెలుతురు చొరబడకుండా అతికించిన స్పాంజి అది, ఏళ్లు గడిచేసరికి ఇలా కరిగిపోతుంది. లెన్స్ వెనకున్న అద్దం పైకి లేచి తగిలే చోట కూడా ఒక స్పాంజి ముక్క ఉంటుంది. వెదురు పుల్లతో మెల్లగా గీకి, సర్జికల్ స్పిరిట్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడవండి. తొందర వద్దు, ఓ సాయంత్రం కేటాయించండి. రాలిన తుక్కు షట్టర్ గుడ్డ మీద పడనివ్వకండి. అద్దాన్ని మాత్రం అస్సలు తుడవకండి. దాని పూత పైవైపునే ఉంటుంది, మెత్తటి గుడ్డ తగిలినా గీతలు పడతాయి. కొత్త స్పాంజి పట్టీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

తర్వాత రీలు లేకుండానే షట్టర్ చూడండి. తలుపు తీసి, షట్టర్ వేగం 1000 (అంటే సెకనులో వెయ్యో వంతు) మీద పెట్టి, వెలుతురున్న గోడ వైపు తిప్పి నొక్కండి. ఫ్రేమంతా ఒక్కసారి మెరిస్తే బాగున్నట్టు. ఒక పక్క చీకటిగా ఉన్నా, వేగం ఒక సెకను మీద పెట్టినప్పుడు సాగదీసినా లోపలి గ్రీజు గట్టిపడిందన్నమాట. అప్పుడు ఇంట్లో నూనె చుక్క కూడా వేయకండి, అది షట్టర్ మీదికి పాకితే మెకానిక్ పని రెట్టింపవుతుంది. విప్పి శుభ్రం చేసే మనిషి కోసమే వెతకండి.

మీది సముద్రపు ఊరు కాబట్టి లెన్స్‌ను టార్చి వెలుతురులో చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. తోలు కవర్‌లో తేమ నిలుస్తుంది, తీసేయండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, అందులో పెట్టండి.

మొదటి రీలు 400 ఐఎస్ఓ (రీలు వెలుతురును పట్టే వేగం) బ్లాక్ అండ్ వైట్ తీసుకోండి. ముల్లు ఇంకా మొరాయిస్తుంటే మంచి ఎండలో లెన్స్ రింగును ఎఫ్16 మీద, షట్టర్ వేగాన్ని 500 మీద పెట్టి తీయండి, సరిపోతుంది. ల్యాబ్‌లో ఇచ్చేటప్పుడు మాత్రం నెగటివ్‌లు తిరిగి కావాలని ముందే చెప్పండి, కొందరు స్కాన్లు పంపి ఊరుకుంటారు.