పక్క చేను కొనాలా? ముందు వాయిదా తేదీ చూడండి

ప్రశ్న: నా వయసు 36, పట్నంలో ఉద్యోగం. ఊళ్లో అమ్మానాన్నలు ధాన్యం, కూరగాయలు పండిస్తారు. మా పొలాన్ని ఆనుకుని ఉన్న చేను అమ్మకానికి వచ్చింది. దాని ధరలో సగం సొమ్ము నా దగ్గరుంది, అదే నా పొదుపంతా. మిగతాది అప్పు తెచ్చి కొని, రెండేళ్లలో ఉద్యోగం మానేసి, పంటను నేరుగా వినియోగదారులకే అమ్ముకోవాలని ఉంది. ఇలాంటి అవకాశం మళ్లీ రాదంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?

సూటిగా చెప్పేస్తాను, ఇప్పుడు కొనొద్దు. నేరుగా అమ్మాలన్న ఆలోచన బాగానే ఉంది, దాని సంగతి తర్వాత మాట్లాడదాం. కానీ మీ లెక్క ప్రకారం దాచుకున్నదంతా మొదటిరోజే మట్టిలోకి వెళ్లిపోతోంది, ఆ మర్నాటి నుంచి విత్తనాలకు, కూలీలకు, ఇంటి ఖర్చుకు చేతిలో ఏమీ ఉండదు. పంట పోయి మునిగినవాళ్లకంటే, పంట చేతికొచ్చేలోపు డబ్బాడక మునిగినవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు.

చిన్న లెక్క వేద్దాం. పంట అమ్మితే 100 వచ్చిందనుకోండి, పెట్టుబడి 60 పోగా 40 మిగులుతుంది. ధర ఐదో వంతు పడిపోతే వచ్చేది 80, పెట్టుబడి మాత్రం అదే 60, కాబట్టి మిగిలేది 20. ధర తగ్గింది 20 శాతమే, మీ ఆదాయం మాత్రం సగమైపోయింది. ఇప్పుడు అందులోంచి భూమి అప్పుకు 25 కట్టాలంటే? ఇంట్లో పొయ్యి వెలిగించకముందే 5 తక్కువ. ధర అంత పడుతుందా అంటే, పడుతుంది. ఈ ఏడు రేటు బాగుందని వచ్చే ఏడు అందరూ అదే పంట వేస్తారు, అందరి సరుకూ ఒక్కసారే మార్కెట్‌కు వస్తుంది.

పైగా వాయిదా నెలనెలా వస్తుంది, పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లే. మా బంధువుల్లో ఒకాయన కోసిన మర్నాడే, ఆరబెట్టకుండానే ధాన్యం అమ్మేశారు. తేమ ఉందని కొన్నవాళ్లు రేటు కోసేశారు. ఆగితే మంచి రేటు వస్తుందని ఆయనకు తెలియక కాదు, ఆ శుక్రవారం వాయిదా ఉంది, అంతే.

"ఏదేమైనా భూమి ధర పడిపోదు కదా" అని మీ నాన్నగారు అంటారేమో. అమెరికాలో 1970ల్లో రైతులు సరిగ్గా అలాగే అనుకున్నారు, పెరుగుతున్న భూమి ధర చూసుకుని అప్పులు తెచ్చి ఇంకా కొన్నారు. తర్వాత వడ్డీలు విపరీతంగా పెరిగాయి, పంట ధరలు పడ్డాయి, అయోవా రాష్ట్రంలో 1981 నుంచి 1986 లోపు పొలాల ధర 60 శాతానికి పైగా పడిపోయింది. బాగా పండించే రైతులు కూడా అప్పు తీర్చలేక పొలాలు వదులుకున్నారు.

అందుకని ఆ చేను కౌలుకు అడగండి. మూడేళ్లకు, రాతపూర్వకంగా. యంత్రాలూ వెంటనే కొనేయకండి, ఏడాదిలో కొన్ని రోజులే నడిచే యంత్రానికి ఏడాదంతా వాయిదా కట్టడం నాకెప్పుడూ అర్థం కాని వ్యవహారం. నలుగురు రైతులు కలిసి వాడుకోవచ్చు, జర్మనీలోని బవేరియాలో 1958 నుంచి రైతులు సంఘాలు పెట్టుకుని చేస్తున్నది ఇదే.

ఇక నేరుగా అమ్మడం. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల్లో అక్కడి జనం ఆహారం మీద పెట్టే ప్రతి డాలరులో రైతుకు చేరేది 15, 16 సెంట్లే. ఇది చదవగానే మిగతాదంతా దళారులే మింగేస్తున్నారనిపిస్తుంది. కొంత నిజమే కావచ్చు, కానీ అందులో రవాణా, ప్యాకింగ్, దుకాణం, వంట, కుళ్లి పారేసిన సరుకు అన్నీ ఉన్నాయి. ఆ డబ్బు మీకు కావాలంటే ఆ పనులూ మీరే చేయాలి, ఫోన్లెత్తి కస్టమర్ల ఫిర్యాదులు వినడంతో సహా!

నాకు నచ్చే పద్ధతి ఒకటుంది. సీజన్ మొదట్లోనే కొన్ని కుటుంబాల దగ్గర డబ్బు తీసుకుని, తర్వాత వారం వారం కూరగాయలు ఇవ్వడం. 1986లో అమెరికాలోని మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాల్లో రెండు తోటలు ఇలా మొదలుపెట్టాయి, తర్వాత చాలాచోట్లకు పాకింది. విత్తనం వేసేటప్పుడే వడ్డీ లేని పెట్టుబడి వస్తుంది, అసలు మీకు కొరత ఉన్నది అక్కడే కదా. ఉద్యోగం మానకుండా, కూరగాయల్లో మూడో వంతుతో, ఇరవై ఇళ్లకు మించకుండా ఒక సీజన్ చేసి చూడండి. రెండో సీజన్‌కు ఎంతమంది మళ్లీ డబ్బు కట్టారో లెక్కపెట్టండి. సగం మంది కూడా రాకపోతే ఉద్యోగం మానే మాట అప్పుడే వద్దు.

పొదుపులోంచి ఏడాది ఇంటి ఖర్చు, ఒక పంట పెట్టుబడి విడిగా పెట్టేయండి, దాన్ని ముట్టుకోవద్దు. ఎప్పుడైనా భూమికి అప్పు తీసుకోవాల్సి వస్తే, వాయిదాలు కోతల తర్వాత పడేలా ముందే అడిగి రాయించుకోండి. కుదరదంటే వేరేచోట ప్రయత్నించండి.

కౌలుకు వాళ్లు ఒప్పుకోకపోతే వదిలేయడమే. నాన్నగారికి నచ్చజెప్పడం కష్టమే, నాకు తెలుసు. ఒక కాగితం మీద పన్నెండు నెలలకు పన్నెండు గళ్లు గీసి, ఏ నెల ఎంత వస్తుందో, ఎంత పోతుందో ఆయన నోటితోనే చెప్పించి రాయండి. అప్పు వాయిదా కూడా కలిపాక, డబ్బు చాలని నెలల కింద ఆయన్నే ఎర్ర పెన్నుతో గీత గీయమనండి.