కడియాలు

బిడ్డా శైలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హైదరాబాదులో ఉద్యోగం మానేశావట, ఊరికొచ్చి ఏడాదిపాటు మన మనుషుల బొమ్మలే వేస్తావట. "మీరే చెడగొట్టిండ్రు బావా" అని నన్ను కోప్పడింది. ఫోన్ పెట్టేశాక ఆ మాట మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పుకున్నాను.

ముందు నిన్ను తిట్టాలి. రాజీనామా ఇచ్చే ముందు నన్నొక్క మాట అడగొద్దా? కాపు రాజయ్య గారంతటి చిత్రకారుడే సిద్దిపేటలో డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తూ బోనాలు, బతుకమ్మలు వేశారు. నెల జీతం ఉంటే వచ్చిన ప్రతి బేరానికీ తలూపే ఖర్మ ఉండదు. సరే, ఇచ్చేశావు. వారానికి మూడు రోజులైనా ఏదో బడిలో పిల్లలకు నేర్పు.

కాగితం మంచిది కొను. ప్రతి బొమ్మ వెనకా తేదీ వెయ్యి. అమ్మే ముందు ఫోటో తీసిపెట్టుకో. ఇక చెదలు. ఇది నవ్వులాట కాదు. వెనక గదిలో ఏదీ నేల మీద పెట్టకు, గోడకు ఆనించకు. నా స్కెచ్చులన్నీ ట్రంకు పెట్టెలో దాచాను. అడుగు తుప్పుపట్టి చిల్లు పడిన సంగతి చూసుకోలేదు. ఒక వానాకాలం తర్వాత తెరిస్తే అంతా మట్టే. ఇటుకల మీద పెట్టు, నెలకోసారి తెరిచి చూడు.

ఆ పెట్టెలో ఏం పోయాయో మీ పెద్దమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

తోట వైకుంఠం గారి బొమ్మలకు గిరాకీ పెరిగిన రోజులవి. ఎర్రచీర, నుదుట పెద్ద బొట్టు, ఒంటి నిండా నగలు. ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టాడు. ఊళ్లో నాటకాలాడే మగవాళ్లు ఆడవేషం కట్టుకుంటే చూస్తూ పెరిగాడు. బరోడాలో పేరున్న చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నాడు. ఏళ్ల తరబడి బొగ్గుతో, పెన్సిలుతో గీసి గీసి ఆ బొట్టు దాకా వచ్చాడు. నాలాంటి డ్రాయింగ్ మాస్టర్లం ఆ బొట్టొక్కటే ఎత్తుకొచ్చుకున్నాం.

మన వాడకట్టులో బీడీలు చేసే ఆమె ఉండేది, అత్తా అని పిలిచేవాణ్ని. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. నాతో మాట్లాడుతూనే ఉండేది, చేతులు మాత్రం ఆగేవి కావు. నెల రోజులు ఆ వేళ్లనే గీశాను. నేను గీసినవాటిల్లో బాగా కుదిరినవి అవే. పట్నంలో ఒక షాపాయన చూసి, "వేళ్లెవరికి కావాలె మాస్టారూ, జర నగలు పెట్టుండ్రి" అన్నాడు. పెట్టాను. మెడలో గుండ్లు, కాళ్లకు వెండి కడియాలు. చాట తీసేసి చేతికి తామరపువ్వు ఇచ్చాను. మూడు వేలకు ఒప్పుకున్నాడు.

పట్నం తీసుకెళ్లే ముందు ఆమెకు చూపించాను. గొప్పగా చేశాననుకున్నాను మరి. చాలాసేపు చూసింది. "నా కడియాలు ఏ సేటు దగ్గర విడిపించినవ్‌రా?" అంది. నవ్వుతూనే అంది. పెద్దబిడ్డ పెళ్లికి కుదువపెట్టిందట, మళ్లీ ఇంటికి రాలేదట. "దీనికెంతొస్తది?" అని అడిగితే అయిదొందలన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. వాటా అడిగే మనిషి కాదు.

ఆ రోజు నుంచి ఆమె గుమ్మం తప్పించుకుని చెరువుకట్ట మీదుగా చుట్టు తిరిగి బడికి పోయేవాణ్ని. అలాంటి తామరపువ్వుల ఆడవాళ్లను ఇంకో నలభై మందిని వేశాను. అన్నీ అమ్ముడుపోయాయి. అదే ముఖం, అదే పువ్వు. చెదలు తిన్నవి మాత్రం ఆ వేళ్లు.

లక్ష్మా గౌడ్ గారి ఎచింగులు, అంటే లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చుతీసే బొమ్మలు, ఎక్కడైనా దొరికితే నిలబడి చూడు. పాత మెదక్ జిల్లా నిజాంపూర్ ఆయనది. మనుషులు, మేకలు, చెట్లు, ఎక్కువగా ఒట్టి గీతే. షాపాయన చూస్తే ఇందులో రంగేదీ అనేవాడు!

నువ్వు ఎవరినైనా కూర్చోబెట్టి గీస్తే వాళ్ల ఆ రోజు కూలి చేతిలో పెట్టు. బొమ్మ ముందు వాళ్లకే చూపించు. ధర అడిగితే ఉన్నదే చెప్పు. ఎండలో తిరిగేటప్పుడు తలకు ఏదైనా చుట్టుకో, నీకు చిన్నప్పటి నుంచీ తలనొప్పి.

ఆదివారం పొద్దుటి బస్సుకు రా. పెద్దమ్మ సర్వపిండి చేస్తానంటోంది. వెనక గదికి ఇరవై ఇటుకలు తెప్పించాను. అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె కోడలు అదే గుమ్మంలో కూర్చుని బీడీలు చేస్తోంది. నేను వెంట రాలేను, నువ్వే వెళ్లి పలకరించు. ఎవరి బిడ్డవని అడిగితే నా పేరు చెప్పు. ఏమందో వచ్చి నాకు చెప్పు.

నీ పెద్దబాపు